చెవులు విరిచిన క్యాసెట్టు

"నేను, ధాత్రిని" అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి.

"రా అమ్మా, కూసో" అన్నాను ఫైల్లోంచి తలెత్తకుండా.

అడుగుల చప్పుడు రాలేదు. తలెత్తి చూశాను. తెల్ల కర్రని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, అక్కడే నిలబడి ఉంది. భుజానికి గుడ్డ సంచి. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"లోపల ఎవరున్నారో చెప్పలేదండీ మీరు."

"నేను, మధులతను. ఇంకెవ్వరు లేరు."

అప్పుడొచ్చి కుర్చీ వెన్ను తడుముకుని కూర్చుంది. "ఏమనుకోకండి. మా ట్రస్టులో అలవాటు. గదిలోకి వచ్చేవాళ్ళు పేరు చెప్పాలి, గదిలో ఉన్నవాళ్ళు తిరిగి పేరు చెప్పాలి. చూపున్నవాళ్ళయినా సరే, పెద్దసారయినా సరే. టీ తెచ్చే వాచ్‌మన్ సారయ్య కూడా పేరు చెప్పే లోపలికొస్తాడు. లేకపోతే ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నామో మాకెలా తెలుస్తుంది?"

ఆ అలవాటు నాకు నచ్చింది. నా ఆఫీసుకి వచ్చేవాళ్ళలో సగం మంది పేరు చెప్పడానికే మొహమాటపడతారు. మిగతా సగం మంది కోర్సు ఫీజెంత అని అడుగుతారు. అమీర్‌పేటలో మూడో అంతస్తు, కింద ఒరాకిల్ నేర్పుతారు, పైన జావా నేర్పుతారు, మధ్యలో 'మధులతా ఇన్వెస్టిగేషన్స్' అని నా బోర్డు. అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. రెండువేల సంవత్సరం ఎండాకాలంలో అమీర్‌పేటకి వచ్చిన ఏ మనిషీ ఇంకోలా అనుకోడు.

"రవళి వాళ్ళమ్మ రత్నమాల గారు మీ దగ్గరికి వెళ్ళమన్నారు" అంది ధాత్రి. "నేను అడిగేది ఒకటే మేడమ్. రవళక్క చచ్చిపోయిందంటున్నారు. మరి ఆ తర్వాత రెండు రోజులకి నాకు పాఠం చెప్పిందెవరు?"

నేను పెన్ను కింద పెట్టేశాను.

రత్నమాల మూడు రోజుల కిందట నా దగ్గర ఏడ్చి అప్పగించిన కేసు అది. పంజాగుట్టలో జానకీదేవి విద్యానిధి అని ఒక ట్రస్టు ఉంది. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉన్న హనుమత్ప్రసాద్ తన తల్లి పేరు మీద పెట్టాడు. చదివే స్తోమత లేని ఆడపిల్లలకీ, వికలాంగులైన విద్యార్థులకీ ఫీజులు కట్టి, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఉంచి చదివిస్తారు. పైసా తిరిగి ఇవ్వక్కర్లేదు. షరతు ఒక్కటే. ఫీజు తీసుకున్న ఆడపిల్ల తన గొంతు ఇవ్వాలి. చూపులేని పిల్లల పుస్తకాలు క్యాసెట్లలోకి చదవాలి. పరీక్షల్లో వాళ్ళు జవాబులు చెబుతుంటే పక్కన కూర్చుని రాయాలి. తణుకు నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న రవళి అలా గొంతు ఇస్తున్న పిల్ల. పోయిన గురువారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ట్రస్టు భవనం డాబా మీంచి పడి చనిపోయింది. ఆత్మహత్య అన్నారు పోలీసులు. దాని మీద ఇంకో ముద్ర ఉంటే మంచిదని ట్రస్టు వాళ్ళు డిటెక్టివ్ రఘురామ్‌ని పెట్టుకున్నారు. రఘురామ్ సంగతి తర్వాత. ఇప్పట్నించే నోరు చేదు చేసుకోవడం ఎందుకు?

"నీకంటె చిన్నది కద రవళి. అక్క అంటున్నవ్?"

"పాఠం చెప్పేవాళ్ళని అక్కా అనే అంటామండీ."

సంచిలోంచి క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది. పైన బ్రెయిలీ చుక్కల కాగితం అంటించి ఉంది. "పదకొండోది. ఎంసీఏ ఎంట్రెన్స్ లెక్కలు. శనివారం ట్రస్టు పెట్టెలో హాస్టల్‌కి వచ్చింది. అక్క గొంతు గదిలో మోగుతుంటే ఒకమ్మాయి బయటికి పరిగెత్తింది. నేను దయ్యాల్ని నమ్మను. కానీ నాకూ భయమేసింది. అక్క గొంతుకి కాదు. అది ఆగిపోయాక."

"ముందే చదివి పెట్టింది ఆలస్యంగ వచ్చి ఉంటది."

"ఆ మాత్రం నాకూ తెలుసండీ. ఆ రోజు మధ్యాహ్నం అక్క నాకు ఫోన్ చేసింది. పదకొండోది చదివేశాను, పాఠం అయ్యాక కూడా ఆపకు, చివరిదాకా విను, నీకొక మాట చెప్పాను అంది. ఇప్పుడే చెప్పొచ్చు కదా అంటే, పక్కన జనం ఉన్నారంది." ఆమె వేళ్ళు క్యాసెట్టు అంచు మీద వెతికి ఒకచోట ఆగాయి. "ఇక్కడ ముట్టుకోండి."

క్యాసెట్టు నెత్తిన రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే మళ్ళీ దాని మీద రికార్డింగు కుదరదు. ట్రస్టులో వాటిని చెవులంటారట. చూపులేని పిల్లలు పొరపాటున రికార్డు మీట నొక్కి పాఠం పోగొట్టుకోకుండా, చదవడం పూర్తయిన వెంటనే చదివిన అమ్మాయి చెవులు విరిచేస్తుంది. ఒక చెవి ఉండాల్సిన గుంట ఖాళీగా ఉంది. రెండో గుంట మీద నా వేలికి నున్నగా ఏదో తగిలింది. సెల్లోటేపు ముక్క. ఎంత శుభ్రంగా అతికించారంటే, వేలు పెట్టకపోతే నా కళ్ళకి కనిపించేది కాదు.

"ఆ గుంట మూస్తే మళ్ళీ రికార్డు చెయ్యొచ్చు" అంది ధాత్రి. "అక్క విరిచింది. ఇంకెవరో అతికించారు."

సాక్షుల మాటలు పట్టుకోవడానికి నేను వాడే టేప్ రికార్డర్‌లో క్యాసెట్టు పెట్టి మీట నొక్కాను.

చనిపోయిన మనిషి గొంతు వినడం నాకు కొత్త కాదు. బీమా కంపెనీలో క్లెయిముల మీద తిరిగిన రోజుల్లో అలాంటివి చాలా విన్నాను. అయినా ఆ గొంతు విన్నాక నా ఒళ్ళు ఝల్లుమంది. అంత దగ్గరగా, అంత ఓపికగా ఉంది. "ఒక సంచిలో కొన్ని ఎర్ర బంతులు, కొన్ని నల్ల బంతులు ఉన్నాయి. ఇప్పుడు వినిపించింది బయట లారీ హారన్, దాన్ని పట్టించుకోకు ధాత్రీ. కొన్ని నల్ల బంతులు ఉన్నాయి. చూడకుండా ఒక బంతి తీస్తే, అది..."

టక్‌మని తెగిపోయింది.

తర్వాత ఏమీ లేదు. సన్నటి బుస. దాని వెనకాల ఎక్కడో ఫ్యాన్ కిర్రుమంటోంది. ధాత్రి కుర్చీ అంచుకి జరిగింది. "వినండి. ఇక్కడ ఎవరో ఉన్నారు."

నేను చెవి ఆనించాను. ఫ్యాన్ కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. అప్పుడు, సరసరమని, పెద్ద కాగితం ఒకటి తిరగబడిన చప్పుడు.

"న్యూస్‌పేపరు" అంది ధాత్రి గుసగుసగా. "అక్క మాట తుడిచేస్తూ ఎవరో పేపరు చదువుకుంటున్నారు. ఇంకొంచెం ముందుకెళ్తే ఊపిరి కూడా వినిపిస్తుంది. నేను అక్కడ ఆపేశాను. ఆదివారం పరీక్ష మేడమ్. పుస్తకం పేరెత్తితే చాలు, నాకా కాగితం చప్పుడే వినిపిస్తోంది."

ఇంకొంచెం ముందుకి వెళ్ళే యోగం నాకు లేకపోయింది. కరెంటు పోయింది. పైన జావా, కింద ఒరాకిల్ ఒకేసారి నిట్టూర్చాయి. టేప్ రికార్డర్లో బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి. వాటిని మార్చాలని నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

"క్యాసెట్టు సంగతి ఎవరికి చెప్పినవ్?"

"భార్గవ్‌కి. తనకీ చూపు లేదు. ఇద్దరం ఒకే పరీక్షకి చదువుతున్నాం. మా కోటాలో సీటు ఒకటే, నాకొస్తే తనకి రాదు. అయినా రోజూ తనే నన్ను క్లాసుకి తీసుకెళ్తాడు. అక్క క్యాసెట్టు వచ్చిందంటే ఏడ్చాడు. ఒకసారి ఇవ్వు, గొంతు వినాలనుంది అన్నాడు. నాకింకా ఇవ్వబుద్ధి కాలేదు."

"మంచిపని చేసినవ్. ఇది నా తాన ఉండని."

ఆమె లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "తెర మీద అక్షరాలు చదివి వినిపించే కంప్యూటర్ వచ్చిందట మేడమ్. అది వచ్చినా నీకు నేను చదువుతాను, దానికి నీ పేరు పలకడం రాదు అనేది అక్క. ఆ అక్క నాకు చెప్పిన ఆఖరి మాట ఎవరో తినేశారు. ఎవరో నాకు తెలియాలి."

*

ట్రస్టు మేనేజరు కమలకుమారి గంజి పెట్టిన నేత చీరలో, ఒక్క ముడత లేకుండా కూర్చుని ఉంది. గుమ్మంలో నా పేరు చెప్పాను. "కమలకుమారినండీ, ఒక్కదాన్నే ఉన్నాను" అంది. బల్ల మీద ఆ రోజు పేపరు, దాని పక్కన స్టాండుతో సహా సెల్లోటేపు చుట్ట. ఇంత తొందరగా దొరుకుతాయని నేననుకోలేదు.

"ఇక్కడ పేపరు చదివేది ఎవరు మేడం?"

"నేనే. పెద్ద వార్తలు పిల్లలకి చదివి వినిపిస్తాను."

"రవళి పోయిన నాడు రాత్రి దాంక ఈడ పోలీసులే ఉండె. తెల్లారి పొద్దుగాల గీ ఆఫీసుల ఎవరున్నరు?"

"సారయ్య ఉన్నాడు. చూపున్నవాళ్ళలో ఇంకెవరూ లేరు."

"మీరు?"

"ఆస్పత్రిలో, పోస్ట్‌మార్టం దగ్గర. పదకొండు దాటాక వచ్చాను."

"మిమ్మల్ని ఎవరన్న చూసిన్రా అక్కడ?"

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అక్కడ నన్ను చూడ్డానికి ఎవరికి తీరిక ఉంటుందండీ? ఆ తల్లి కింద పడిపోతుంటే పట్టుకుని నిలబడ్డాను."

మాట బాగానే ఉంది. బాగున్న మాటల్ని నమ్మకపోవడం నా వృత్తి. "క్యాసెట్ల పెట్టె ఏడ ఉంటది?"

"ఇదిగో, ఈ అలమరలో. శనివారం హాస్టల్‌కి పంపే వరకూ ఇక్కడే ఉంటుంది."

"తాళం?"

"పాఠాల పెట్టెకి తాళమెందుకు వేస్తామండీ?"

"రవళి ఆ రోజు మీతోని మాట్లాడిందా?"

ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మధ్యాహ్నం వచ్చింది. ఆదివారం పరీక్షలో తను భార్గవ్‌కి రాయాలి. రాయను, ఇంకెవరినైనా పెట్టండి అంది. కారణం అడిగాను. మీకు రేపు చెబుతాను, ముందు ధాత్రికి చెప్పాలి అంది. నేను కోప్పడ్డాను. పరీక్ష ముందు చూపులేని కుర్రాణ్ణి వదిలేస్తావా అన్నాను. అవే నేను దానితో మాట్లాడిన ఆఖరి మాటలు."

ఆమె గొంతు వణికింది. దుఃఖానికీ వణుకుతుంది, భయానికీ వణుకుతుంది. ఆ పొద్దున నాకు రెండోదే వినిపించింది. "సారయ్యను జర పిలువుండ్రి."

"రఘురామ్ గారు వాంగ్మూలం తీసుకుని ఊరికి పంపేశారు. మనవరాలి పురుడట."

నాకు ఒళ్ళు మండింది. చదువుల గది చూపించమన్నాను.

మేడ మీద చివరి గది అది. గోడలకి గోనె పట్టాలు, నేల మీద మందపాటి తివాచీ. తివాచీ మాసిపోకుండా చెప్పులు బయటే విడవాలి. గుమ్మం పక్కన నీలం పట్టీల చెప్పుల జత ఒకటి ఉంది. ఎవరివని అడిగాను. కమలకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను ఒక్కదాన్నే లోపలికి అడుగుపెట్టాను. ఎందుకో తెలీదు, "నేను, మధులతను" అని పైకే అన్నాను. గోనె పట్టాలు నా మాటని అక్కడికక్కడే మింగేశాయి. జవాబు రాలేదు. రాకూడదు కూడా. కానీ ఆ గదిలో ఒక క్షణం ఆగి ఎదురుచూశానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. బల్ల మీద లెక్కల పుస్తకం అలాగే తెరిచి ఉంది. ఎర్ర బంతులు, నల్ల బంతులు. కుర్చీ కొంచెం వెనక్కి జరిగి ఉంది, ఇప్పుడే వస్తానని లేచిన మనిషి కుర్చీలా.

రికార్డర్ దగ్గర కూర్చున్నాను. దానికి తీగతో విడిగా ఒక మైకు ఉంది. ఖాళీ క్యాసెట్టు ఒకటి పెట్టి, మైకు తీగ ఊడబెరికి, రికార్డు మీట నొక్కి ఊరుకున్నాను. కాసేపయ్యాక వెనక్కి తిప్పి విన్నాను. ఫ్యాన్ కిర్రు, నా గాజుల చప్పుడు, నా ఊపిరి, అన్నీ ఉన్నాయి. విడి మైకు పీకేస్తే పెట్టె పొట్టలో ఉన్న మైకు తనంతట తానే మేలుకుంటుంది. ఆ సంగతి తెలియని మనిషి ఎవరో తీగ పీకేసి, ఇక అంతా మూగదైపోయిందనుకుని, నిశ్చింతగా కూర్చుని పేపరు చదువుకున్నారు.

"కాలిపోయిన గోడౌన్ల లెక్కలు మానేసి, ఇప్పుడు టేప్ రికార్డర్లు బాగు చేస్తున్నారా మధులత గారూ?"

పేరు చెప్పకుండా లోపలికి వచ్చినవాడు రఘురామ్. రిటైరయిన డీఎస్పీ. బంజారాహిల్స్‌లో అద్దాల ఆఫీసు, బయట ఇద్దరు గార్డులు. బూట్లతోనే తివాచీ ఎక్కాడు.

"నా సాక్షిని ఊరికెందుకు పంపిన్రు సార్?"

"మీ సాక్షా? ఆ వాచ్‌మన్‌కి చెప్పడానికేముంది? నాలుగున్నరకి గేటు దగ్గర ఉన్నాడు, చప్పుడు విన్నాడు, అంతే. రిపోర్టు రాసేశాను. భార్గవ్ అనే కుర్రాడితో ఈ అమ్మాయికి చనువు. ఏదో గొడవ. వాడికి పరీక్ష రాయనని మేనేజర్‌కి చెప్పింది, పైకెళ్ళింది, దూకింది. ఇలాంటివి ముప్ఫై ఏళ్ళు చూశాను."

"చెప్పులు చూసిన్రా?"

"ఏ చెప్పులు?"

"గిప్పుడు మీరు దాటి వచ్చిన చెప్పులు. రవళివి. ఏప్రిల్ నెల ఎండ, సాయంత్రం నాలుగున్నర. పైన డాబా సిమెంటు పెనం లెక్క కాల్తది. ఒట్టి కాళ్ళతోని ఎందుకు పోయింది?"

"చావబోయేవాళ్ళు చెప్పులు వెతుక్కుంటారా?"

"వెతకనక్కర్లేదు సార్, గడప అవతలనే ఉన్నయి. పుస్తకం మూయలె, కుర్చీ సదరలె. ఎవరో వచ్చి పిలిచిన్రు. రెండు మాటలు మాట్లాడి మల్ల వచ్చి కూసుంటననుకొని పోయింది."

రఘురామ్ నవ్వాడు. ఆ నవ్వుకి అలవాటు పడటానికి నాకు పదేళ్ళు పట్టింది, అయినా పడలేదు. "చూడండి. హనుమత్ప్రసాద్ గారు పెద్దమనిషి. ఇక్కడ వంద మంది పిల్లలు చదువుకుంటున్నారు. మీరు హత్య అని అరిస్తే రేపు ఏ తండ్రి కూతుర్ని ఇక్కడికి పంపిస్తాడు? చనిపోయిన పిల్ల కోసం బతికున్న పిల్లల నోట్లో మట్టి కొడతారా?"

ఆ మాట గుచ్చుకుంది. మనిషి నచ్చకపోయినా మాటలో నిజం ఉంది. "బతికున్న పిల్లల కోసమే అడుగుతున్న" అన్నాను.

గుమ్మం దగ్గర కర్ర చప్పుడయింది. "నేను, భార్గవ్‌ని."

సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రాడు. నల్ల కళ్ళద్దాలు. చెప్పులు విడిచి, గుమ్మంలోనే ఆగి, ఎదురుచూస్తున్నాడు. అతని వెనకే కమలకుమారి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి తన పేరు చెప్పింది. నేను నా పేరు చెప్పాను. రఘురామ్ చెప్పలేదు. "రఘురామ్ గారు కూడా ఉన్నారు" అంది కమలకుమారి.

"మీరు రవళి గురించి అడుగుతున్నారని విన్నాను మేడమ్" అన్నాడు భార్గవ్ మెల్లిగా. "నా గురించి ఎవరేం రాసుకున్నా నాకు బాధ లేదు. తను నాకెందుకు రాయనందో తెలిస్తే చాలు. ఏం తప్పు చేశానో తెలియకుండా ఆదివారం ఎలా రాయను?"

ఆ కుర్రాడి మీద జాలేసింది. కమలకుమారి వైపు చూశాను. పేపరు చదివేది ఆమె. సెల్లోటేపు ఆమెది. అలమర ఆమె గదిలో ఉంది. చేతిలో ఉన్నది ఒక్క క్యాసెట్టు, దాన్ని నేనింకా పూర్తిగా వినలేదు. ఎర వేద్దామనిపించింది. దొంగకి తను తుడిచిన చోట ఏదో మిగిలిందని తెలిస్తే, మిగిలింది కూడా తుడవడానికి వస్తుంది.

"ఆదివారం లోపల తెలుస్తది" అన్నాను, కమలకుమారి మొహం మీంచి చూపు తిప్పకుండా. "రవళి పదకొండో క్యాసెట్టుల ధాత్రికి ఒక మాట చెప్పింది. ఎవరో తుడిచిన్రు, కని మంచిగ తుడవలేదు. మైకు పీకినా లోపల ఇంకో మైకు ఉంటది గీ పెట్టెకు. క్యాసెట్టు ధాత్రి తాననే ఉన్నది. రేపు పొద్దుగాల తీసుకొని పోలీసు టేషన్‌కు పోతం."

కమలకుమారి గ్లాసు బల్ల మీద పెట్టింది. నీళ్ళు తొణికి లెక్కల పుస్తకం మీద పడ్డాయి. ఆమె గబగబా కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. భార్గవ్ తల వంచుకుని, "దేవుడు మీకు మేలు చేస్తాడు మేడమ్" అని, కర్రతో దారి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

చేప గాలం మింగిందని మనసులో అనుకున్నాను. కమలకుమారి ఇవాళ సాయంత్రం హాస్టల్‌కి వెళ్తుంది. ఈలోగా నేను ఆఫీసుకి పోయి క్యాసెట్టు చివరిదాకా విని, ఆమె కంటే ముందే అక్కడ ఉంటే సరిపోతుంది. పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఇరుక్కుపోయినప్పుడు కూడా నాకేమీ ఆదుర్దా కలగలేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ కూర్చున్నాను.

*

కరెంటు వచ్చేసరికి మూడు దాటింది. తలుపు గడియ పెట్టుకుని, టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాను.

"చూడకుండా ఒక బంతి తీస్తే, అది..."

టక్. బుస. ఫ్యాన్ కిర్రు. పేపరు సరసర. ఊపిరి.

ఎంతసేపు విన్నానో. ఎవరూ మాట్లాడని చోట చెవి పెట్టి కూర్చుంటే, కాసేపటికి ఆ గదిలోకి మనమే వెళ్ళిపోతాం. పక్కనే ఎవరో కూర్చున్నట్టుంది. దగ్గలేదు, కదల్లేదు. ఒక అమ్మాయి కిందటి సాయంత్రం చచ్చిపోయింది, ఆమె చెప్పిన ఆఖరి మాట ఇక్కడ అక్షరం అక్షరం చెరిగిపోతోంది, ఈ మనిషి తాపీగా పేజీ తిప్పుతోంది. రవళి ఈ బుస వెనకాలే ఎక్కడో ఇంకా మాట్లాడుతోందనీ, నేను సరిగ్గా వినడం లేదనీ అనిపించింది. ఒకసారి టేపు ఆపి గదంతా చూశాను. మళ్ళీ మీట నొక్కాను.

దూరంగా అడుగులు వినిపించాయి. మెట్ల మీద చెప్పుల ఈడ్పు. పేపరు చప్పుడు ఒక్కసారిగా ఆగింది. గబగబా మడిచిన చప్పుడు, సొరుగు మూసిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. ముసలి గొంతు. "సారయ్యను. చాయ్ తెచ్చిన."

ఆ గదిలోని మనిషి ఊరుకోవచ్చు. దగ్గి సరిపెట్టవచ్చు. కానీ ఆ ఇంట్లో రోజుకి ఎన్నోసార్లు చేసే పని అది. లోపలికి వచ్చినవాళ్ళు పేరు చెబితే లోపలున్నవాళ్ళు పేరు చెప్పాలి. అలవాటయిన నోరు ఆగలేదు.

"నేను, భార్గవ్‌ని" అంది టేపు. "అక్కడ పెట్టు సారయ్యా. బల్ల ఎక్కడుందో నేను తడుముకుంటాలే."

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. అరగంట సేపు ఆ గదిలో పేపరు చదివినవాడు భార్గవ్. చూపున్నవాళ్ళలో ఇంకెవరూ లేరు అంది కమలకుమారి. ఆమె అబద్ధం చెప్పలేదు. భార్గవ్‌ని ఆ లెక్కలో కలపాలని ఆమెకే కాదు, ఎవరికీ తట్టలేదు. చూపులేనివాడిగా ట్రస్టులో చేరి, చూపులేనివాళ్ళ సీటు కోసం, చూపులేని పిల్ల పక్కనే కూర్చుని చదువుతున్నాడు. పరీక్షలో తన చేత రాయించుకునేవాడి కళ్ళు పనిచేస్తున్నాయని రవళికి ఎలాగో తెలిసిపోయింది. వాడికి రాయనంది. ధాత్రికి చెప్పింది. చెప్పానని వాడితో కూడా అంది, డాబా మీద, ఒట్టి కాళ్ళతో నిలబడి.

నేను ఎర వేసింది కమలకుమారికి. వాడు నా ఎదురుగా, తల వంచుకుని, అంతా విన్నాడు. క్యాసెట్టు ధాత్రి దగ్గర ఉందని చెప్పింది నేను. నా నోటితో నేనే ఆ పిల్లని వాడికి అప్పజెప్పాను.

హాస్టల్‌కి ఫోన్ తిప్పాను. వేళ్ళు రెండుసార్లు తప్పు నంబరు తిప్పాయి. మూడోసారి వంటమనిషి చిలకమ్మ ఎత్తింది.

"ధాత్రిని పిలువు చిలకమ్మా. జల్ది."

"ధాత్రి లేదమ్మా. భార్గవ్ వచ్చి తోల్కపోయిండు. గిప్పుడే, జరసేపాయె."

"ఏడికి?"

"ఆళ్ళ ఆఫీసుకాడికట. క్యాసెట్టు ఇయ్యి, ఇద్దరం ఇందం అని అడిగిండు. నా తాన లేదు, మధులత మేడం తాన ఉన్నదని చెప్పింది పోరి. గట్లనా, ఆండ్ల నువ్వేమిన్నవ్ అని అడిగిండు, మనిషి ఊపిరి ఇనవడ్డదన్నది. మల్ల, అయితె నడువు, రవళి ఆఖరికి నిలవడ్డ జాగల డాబా మీద దండం పెట్టుకొని వద్దం, పరీక్ష మంచిగ రాస్తవు అన్నడు. పోరి ఏడ్సుకుంట లేసింది."

"చిలకమ్మా, విను..."

"నువ్వేం ఫికర్ చెయ్యకమ్మా. పిలగాడు మంచోడు, పాణం లెక్క సూస్కుంటడు. నేను గేటుకాడ నిలవడి సూసిన గద. పోరిని నీడకు నిలవెట్టి, నిండుగున్న ఆటోలన్ని ఇడ్సిపెట్టి, ఖాళీది వచ్చేదాంక సూసి, చెయ్యెత్తి ఆపిండు."